అనాటమీ క్లాసులో తొలి డిసెక్షన్: పిల్లలు, అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఇంటర్ బైపీసీ పిల్లలకు అనాటమీ ప్రాక్టికల్స్ చెబుతుంటాను. డిసెక్షన్ క్లాసు, అంటే అవయవాలను కోసి చూసే క్లాసు, దగ్గరపడే కొద్దీ పిల్లల్లోనూ, వాళ్ల ఇళ్లలోనూ టెన్షన్ మొదలవుతుంది. ఫోన్లు వస్తాయి, గేటు దగ్గర ఆపి అడుగుతారు. ఏటా వచ్చే ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఇలాంటి క్లాసు తీసుకునే తోటి మాస్టార్లకు, మేడమ్‌లకు కూడా పనికొస్తే సంతోషం.

క్లాసులో అసలు ఏం కోస్తారు?

పొట్టేలు గుండె, మూత్రపిండం, కన్ను. ఒక రోజు చేప, ఇంకో రోజు రొయ్య. అన్నీ మన మార్కెట్లో రోజూ అమ్మేవే. బతికున్న ప్రాణి ఏదీ మా ల్యాబ్ గుమ్మం దాటి లోపలికి రాదు.

అంటే దీనికోసం జంతువులను చంపరా? మా రోజుల్లో కప్పను కోసేవాళ్లం కదా!

చంపం. నాన్నగార్లు ఎక్కువగా అడిగేది ఇదే. వాళ్లు చదువుకున్న రోజుల్లో క్లోరోఫాం సీసా, మైనం ట్రేలో వెల్లకిలా పిన్నులు గుచ్చిన కప్ప, అందరికీ గుర్తే. ఆ రోజులు పోయాయి. పోవడమే మంచిదని నా అభిప్రాయం.

చట్టం సంగతి చూద్దాం. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. కేవలం చేతి నైపుణ్యం నేర్చుకోవడం కోసం జంతువుల మీద ప్రయోగాలు వీలైనంతవరకు చేయకూడదని అందులోని 17వ సెక్షన్ చెబుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండనే ఉంది. డిగ్రీ, పీజీ జువాలజీలో డిసెక్షన్లు దశలవారీగా తగ్గించమని యూనివర్సిటీల వ్యవహారాలు చూసే యూజీసీ 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2014లో పూర్తిగా ఆపేయమంది. ఇంటర్ కాలేజీ యూజీసీ కిందికి రాదు. అయినా డిగ్రీ విద్యార్థికి వద్దన్న పని పదహారేళ్ల పిల్లాడితో చేయించడానికి నాకు కారణమేదీ కనిపించదు.

కప్ప విషయంలో ఇంకో మాట. పొలాల్లో పురుగులను తిని రైతుకు మేలు చేసే ప్రాణి అది. కప్ప కాళ్ల ఎగుమతి కోసం వాటిని విపరీతంగా పట్టేస్తుంటే, 1987లో కేంద్రం ఆ ఎగుమతినే నిషేధించింది. కాలేజీలకు సరఫరా చేసే కప్పలు కూడా ఆ చెరువుల నుంచీ పొలాల నుంచీ పట్టి తెచ్చినవే. కప్ప గుండెకు మూడు గదులని బొమ్మ చూసి నేర్చుకోవచ్చు. దానికి ఒక కప్ప ప్రాణం పోవాల్సిన పనిలేదు.

బొమ్మలు, త్రీడీ వీడియోలు ఇన్ని ఉన్నప్పుడు అసలు కోయడం ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. అవయవం పేర్లు, అమరిక నేర్చుకోవడానికి వీడియో చాలు. కొన్ని విషయాల్లో వీడియో కన్నా మేలు కూడా. కానీ ఎడమ జఠరిక (గుండెలో కింది గది) గోడ ఎంత గట్టిగా ఉంటుందో వేలితో నొక్కితేనే తెలుస్తుంది. పుస్తకంలో ధమని ఎర్రగా, సిర నీలంగా ఉంటాయి. ట్రేలో రెండూ ఒకే లేత రంగులో ఉంటాయి. గోడ మందం చూసి ఏది ఏదో తేల్చుకోవాలి. రంగుల బొమ్మకు అలవాటుపడ్డ కన్ను అక్కడ తడబడుతుంది. ఆ తడబాటు తీర్చడానికే ఈ క్లాసు. మాంసం కొట్టులో ఎలాగూ అమ్ముడుపోయే గుండె దొరుకుతున్నప్పుడు దాన్ని చూసి నేర్చుకోవడంలో తప్పు లేదనుకుంటాను. ఒప్పుకోని వాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం కింద విడిగా రాశాను.

మా అమ్మాయికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. డాక్టర్ చదవాలని ఆశ. ఏం చేయాలి?

ముందు ఒక మాట. తొలిరోజు కళ్లు తిరిగినంత మాత్రాన ఆ అమ్మాయి డాక్టర్ కాలేకపోతుందని కాదు. దయచేసి ఇంట్లో ఆ మాట అనకండి.

రక్తం చూసినప్పుడు కొందరికి గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పడిపోతాయి. మెదడుకు రక్తం తగ్గి స్పృహ తప్పుతుంది. అది పిరికితనం కాదు, ఒంట్లో జరిగే ఒక ప్రతిచర్య. పైగా చెప్పకుండా రాదు. ముఖం పాలిపోతుంది, చల్లటి చెమట పడుతుంది, వరసగా ఆవులింతలు వస్తాయి, చెవుల్లో హోరు మొదలవుతుంది, చూపు మసకబారుతుంది. ఈ గుర్తులను క్లాసుకు ముందే పిల్లలందరికీ చెబుతాను. ఎందుకంటే కళ్లు తిరిగే పిల్ల నోరు తెరిచి చెప్పదు, పక్కన ఉన్నవాళ్లే ముందు గమనిస్తారు.

గుర్తులు మొదలైతే అక్కడే నేల మీద కూర్చోవాలి, వీలైతే పడుకోవాలి. కాళ్లు కాస్త ఎత్తులో పెట్టాలి. బయటికి నడిపించుకుంటూ తీసుకెళ్లడం పెద్ద పొరపాటు. వరండాలో పడి తల పగలగొట్టుకునేది అప్పుడే.

ముందుగా సాధన చేయదగ్గది ఒకటుంది. చేతులు, తొడలు, పొట్ట కండరాలను పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించి, కాసేపు వదిలి, మళ్లీ బిగించడం. దానివల్ల రక్తపోటు పడిపోకుండా నిలుస్తుంది. రక్తం అంటే భయం ఉన్నవాళ్లకు డాక్టర్లు నేర్పే పద్ధతే ఇది. వారం ముందు నుంచి ఇంట్లో కుర్చీలో కూర్చుని చేస్తే అలవాటవుతుంది. దాంతోపాటు మొదట బొమ్మ, తర్వాత వీడియో, ఆ తర్వాత వంటింట్లో అమ్మ చేప శుభ్రం చేస్తుంటే పక్కన నిలబడటం, ఇలా మెల్లగా దగ్గరవ్వాలి.

అన్నిటికన్నా తేలికైన జాగ్రత్త టిఫిన్. వాంతి వస్తుందేమోనని ఏమీ తినకుండా వచ్చే పిల్లలే ఎక్కువగా పడిపోతారు. రెండు ఇడ్లీలు తిని, మంచినీళ్లు తాగి రమ్మనండి. రంజాన్ ఉపవాసంలో ఉన్న పిల్లలుంటే వాళ్ల బ్యాచ్‌ను పండగ తర్వాతకు మారుస్తాం. మోకాళ్లు బిగబట్టి గంటసేపు కదలకుండా నిలబడటం కూడా మంచిది కాదు. అందుకే మా ల్యాబులో అందరికీ స్టూళ్లు వేస్తాం.

మేము శాకాహారులం. మా అబ్బాయి తాకొచ్చా? అయ్యప్ప మాలలో ఉంటే?

తాకాలా వద్దా అన్నది మీ ఇంట్లో మీరు తేల్చుకోవాల్సిన విషయం, మేము బలవంతం చేయం. ఇంట్లో గుడ్డు కూడా వండని పిల్లలు ఎందరో గ్లౌజులు వేసుకుని చక్కగా చేస్తారు, ఇంటికెళ్లి తలస్నానం చేస్తారు. కొందరు వద్దంటారు. వాళ్లకు ప్లాస్టిక్ మోడల్, త్రీడీ యాప్ ఇస్తాం, మట్టితో గుండె చేయిస్తాం. మార్కుల్లో తేడా ఉండదు. నిజానికి మట్టితో నాలుగు గదులూ కవాటాలతో సహా చేసిన పిల్లలకు గుండె అమరిక బాగా పట్టుబడుతుంది.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మన దగ్గర సగం క్లాసు మాలలోనే ఉంటుంది. అయ్యప్ప మాలైనా, దసరా తర్వాత భవానీ మాలైనా ముందుగా చెబితే చాలు, దీక్ష విరమించాక ఇంకో బ్యాచ్‌లో కూర్చోబెడతాం. ఇంట్లో ఎవరైనా పోయి కొద్ది రోజులే అయిన పిల్లల సంగతి కూడా చెప్పండి. చావును దగ్గర నుంచి చూసిన పిల్ల ట్రేలో గుండె చూసి ఏడ్చేస్తే తప్పు మాదవుతుంది.

ఆవు, గేదె, పంది అవయవాలు వాడం. ఎవరి మనసూ నొప్పించకుండా అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి పొట్టేలు, మేక చాలు.

క్లాసుకు ముందు పిల్లలు ఏం చదువుకుని రావాలి?

చదవడం కన్నా గీయడం ముఖ్యం. ముందు రోజు రాత్రి పుస్తకం చూసి గుండె బొమ్మ ఒకటి గీసుకుని రావాలి. క్లాసులో ట్రే ముందు కూర్చున్నాక మొదటి పావుగంట కత్తి ఇవ్వను. ఎదురుగా ఉన్న గుండెను చూసి, పుస్తకం మూసేసి, ఉన్నది ఉన్నట్టు గీయాలి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే పోలికే ఉండదు! మొదటి బొమ్మలో గుండె ప్రేమలేఖ మీద గుండెలా ఉంటుంది. రెండోదానిలో కొవ్వు ఉంటుంది, వంకర ఉంటుంది, తెగిన నాళాలుంటాయి. ఆ పావుగంటలోనే భయం సగం తగ్గడం కూడా నేను చూస్తుంటాను. పెన్సిల్ పట్టుకున్న చెయ్యి వణకదు.

ఈ పద్ధతి మన ఊరికి కొత్తది కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖ తీరంలో చేపలను సేకరించి, బొమ్మలు గీయించి, రెండు వందల చేపల వర్ణనలు 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. మన జాలర్లు పిలిచే తెలుగు పేర్లు కూడా వాటిలో చేరాయి. ఆ సంగతి చెబితే పిల్లలు బొమ్మ కొంచెం శ్రద్ధగా గీస్తారు.

గుండె ఎక్కడ కొనాలి? కొట్టులో ఎలా అడగాలి?

ఇది తోటి టీచర్ల కోసం. మటన్ కొట్టులో ఉత్తినే గుండె ఇవ్వమంటే పైన నాళాలన్నీ తీసేసి, రక్తం పోవడానికి గాటు పెట్టి, శుభ్రంగా కడిగి ఇస్తారు. కూరకు బాగుంటుంది, పాఠానికి పనికిరాదు. అందుకే ముందు రోజే వెళ్లి, “బాబాయ్, పైన గొట్టాలు కోయొద్దు, గాటు పెట్టొద్దు, కొవ్వు కూడా తీయొద్దు” అని చెప్పి రావాలి. మూత్రపిండం కూడా కొవ్వుతోనే అడగాలి. ఆదివారం అడిగితే ఆ హడావిడిలో ఎవరూ వినిపించుకోరు. మంగళవారమో బుధవారమో పూర్ణా మార్కెట్ వైపు వెళితే తీరిగ్గా వింటారు. గాంధీ జయంతి లాంటి రోజుల్లో కొట్లు మూసే ఉంటాయి, చూసుకోండి.

తెచ్చాక థర్మకోల్ పెట్టెలో ఐసు మీద ఉంచాలి. ఐసు నీళ్లు అవయవానికి తగలకుండా కవరులో కట్టాలి. మన ఉక్కపోతలో బల్ల మీద పెట్టిన రెండు గంటల్లోపే పని అయిపోవాలి.

ట్రేలో ఏం కనిపిస్తుంది? ముందుగా తెలిస్తే భయం తగ్గుతుందేమో.

తప్పకుండా తగ్గుతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

గుండె పిడికిలంత ఉంటుంది. లోపల నల్లగా గడ్డకట్టిన రక్తం ఉండొచ్చు. కుళాయి కింద పెడితే పోతుంది. ముందువైపు ఏదో తెలుసుకోవడానికి ఏటవాలుగా దిగే కొవ్వు గీత చూడాలి. రెండు వైపులా నొక్కితే గట్టిగా ఉన్నది ఎడమ. కోశాక చూస్తే ఎడమ జఠరిక గోడ కుడిదానికన్నా దాదాపు మూడు రెట్లు మందం. ఒంటికంతా రక్తం తోసేది అదే మరి. కవాటాల అంచులకు తెల్లటి సన్నటి తీగలుంటాయి. లాగి చూడమంటాను. తెగవు. పొట్టేలు కుడి జఠరికలో ఒక గోడ నుంచి ఇంకో గోడకు అడ్డంగా ఒక కండర పట్టీ కనిపిస్తుంది. పొరపాటున కోసేయకండి, గుండె కొట్టుకోమనే సంకేతం వెళ్లే దారుల్లో అదొకటి. చివరగా గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం, బృహద్ధమని మొదట్లో, కవాటం రేకుల పైన, రెండు చిన్న రంధ్రాలు వెతకాలి. గుండెకే రక్తం అందించే నాళాలు అక్కడి నుంచే బయలుదేరతాయి. తాతయ్యకు బైపాస్ జరిగిన పిల్లలు ఆ రంధ్రాల దగ్గర చాలాసేపు ఆగిపోతారు.

మూత్రపిండం దగ్గర ఒక చిక్కుంది. పుస్తకంలో మనిషి మూత్రపిండం బొమ్మ, అందులో ఎన్నో పిరమిడ్లు ఉంటాయి. గొర్రె, మేక మూత్రపిండాన్ని నిలువుగా కోస్తే పిరమిడ్ల కొనలన్నీ కలిసిపోయి ఒకే గట్టులా కనిపిస్తుంది. తప్పుగా కోశామేమోనని పిల్లలు కంగారుపడతారు. తప్పేమీ లేదు, ఆ జంతువుది అలాగే ఉంటుంది.

ఎక్కువ మంది జంకేది కన్నుకే. మనల్నే చూస్తున్నట్టుంటుంది. నేను కన్నును చివరి వారానికి ఉంచుతాను, చేయడం ఇష్టం లేనివాళ్లు చూసినా చాలంటాను. కోసేటప్పుడు లోపలి నీరు చిమ్ముతుంది, కళ్లజోడు తప్పనిసరి. తాజా కన్నులోని కటకం (లెన్సు) గాజుపూసలా ఉంటుంది. దాన్ని న్యూస్‌పేపర్ మీద పెడితే కింద అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. వెనక గోడ మీద నీలం, ఆకుపచ్చ కలిసి మెరిసే పొర ఉంటుంది. రాత్రిపూట బీచ్ రోడ్డులో బండి లైటు పడితే ఆవుల కళ్లు మెరిసేది అలాంటి పొర వల్లే. మనిషికి అది లేదు. అంతదాకా దూరంగా నిలబడ్డ పిల్లలు కూడా ఆ మెరుపు చూడటానికి దగ్గరికి వస్తారు.

చేప కోసం ఏ చేప తెస్తారు?

మామూలు రోజుల్లో ఫిషింగ్ హార్బర్ నుంచి కానాగంతలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో చెరువు చేప శీలావతి. పొట్ట కోయకుండా ఇవ్వమని ముందే చెప్పాలి, లేకపోతే కత్తిపీట మీద క్షణంలో శుభ్రం చేసి ఇచ్చేస్తారు. మొప్పలు ఎర్రగా ఉంటేనే తీసుకోండి. శీలావతి అయితే పిల్లలకు ఒక ప్రశ్న వేయండి: “జీర్ణాశయం చూపించండి.” పేగు చుట్టలు చుట్టలుగా వస్తూనే ఉంటుంది, జీర్ణాశయం మాత్రం దొరకదు. ఆ జాతి చేపలకు అది ఉండదు. రెండు గదుల గాలి తిత్తి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

రొయ్యకు పెద్దగా సన్నాహం అక్కర్లేదు. 19 జతల ఉపాంగాలు (మీసాలు, కాళ్లు లాంటివి) విడదీసి అట్ట మీద వరసగా అంటించడమే.

ఫార్మలిన్ వాసన పడదు. వాడతారా?

వాడం. కొట్టులో అమ్మే ఫార్మలిన్‌లో 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. నీళ్లు కలిపి పలచన చేసినా కళ్లు, గొంతు మండుతాయి. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. గాలి ఆడని ఇరుకు ల్యాబులో ముప్పై మంది పిల్లల మధ్య ఆ సీసా తెరవడం నాకు సమ్మతం కాదు. పాత జాడీల్లోని నమూనాలు మూత తీయకుండా బయటి నుంచే చూపిస్తాం. ఆస్తమా ఉంటే మాత్రం ముందే చెప్పండి.

తాజా అవయవాలకు నీచు వాసన ఉంటుంది. మాస్కు, తెరిచిన కిటికీలు, తిరిగే ఫ్యాను ఉంటే చాలు. పదినిమిషాల్లో ముక్కు అలవాటు పడుతుంది.

కత్తితో చెయ్యి తెగితే?

ఇద్దరు పిల్లలకు ఒక ట్రే, ఒకే కత్తి. ఒకరు కోస్తుంటే రెండోవారి చేతులు ట్రేలో ఉండకూడదు. గాయాలన్నీ దాదాపు అక్కడే అవుతాయి. బ్లేడు మార్చడం నా పని, అదీ ఫోర్సెప్స్‌తోనే. నిజానికి ఎక్కువ పని మొద్దు కత్తెరతోనూ వేళ్లతోనూ అవుతుంది, పదునైన కత్తి అవసరం కొద్దిసేపే. తెగితే గ్లౌజు తీసి సబ్బుతో, పారే నీళ్లతో బాగా కడగాలి, ఎంత చిన్నదైనా నాకు చెప్పాలి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో అమ్మానాన్నలు ముందే రాసి పంపాలి.

ఫోన్ తెచ్చుకోవచ్చా?

వద్దు. ఫొటోలు కావాలంటే నేను తీసి క్లాసు గ్రూపులో పెడతాను. గుండెను చేతిలో పట్టుకుని సెల్ఫీ దిగడం ఒప్పుకోను.

పిల్లలు నవ్వుతూ, జోకులు వేస్తుంటే ఏం చేయాలి?

కంగారులో వచ్చే నవ్వు వేరు, వెటకారం వేరు. మొదటిదాన్ని పట్టించుకోకండి, ఐదు నిమిషాల్లో అదే తగ్గుతుంది. అవయవాన్ని విసరడం, పక్కవాళ్ల మీదికి చూపించి భయపెట్టడం చేస్తే ఆ రోజుకు ఆ పిల్లాడు బయటే. ఇది మొదటి రోజే అందరి ముందూ చెప్పి, అలాగే అమలు చేయాలి.

ఎంబీబీఎస్‌లో చేరిన పిల్లలు అనాటమీ హాలులో మొదటిసారి శవాన్ని తాకే ముందు దాని పట్ల గౌరవంగా ఉంటామని ప్రమాణం చేస్తారు. 1923 నుంచి నడుస్తున్న ఆంధ్ర మెడికల్ కాలేజీ మన ఊళ్లోనే ఉంది. మా పిల్లల్లో కొందరు రేపు అక్కడే ఆ ప్రమాణం చేయవచ్చు. ఆ మర్యాద పొట్టేలు గుండె దగ్గర మొదలుకావాలని నా పట్టుదల.

మిగిలిన ముక్కలు ఏం చేస్తారు?

పసుపు సంచిలో కట్టి బయోమెడికల్ వ్యర్థాలు తీసుకెళ్లే బండికి అదే రోజు ఇస్తాం. కుక్కలకు వేయడం, కాలవలో పారేయడం, ఇంటికి పట్టుకెళ్లడం కుదరదు. ల్యాబు బల్ల ఎక్కిన చేపను ఎంత తాజాగా ఉన్నా వండుకోకూడదు.

క్లాసు అయ్యాక మా వాడు మటన్ ముట్టడం లేదు. ఏమైనా అయిందా?

కొందరికి అలా ఉంటుంది, చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. బలవంతంగా పెట్టకండి, ఆటపట్టించకండి. ఎప్పటికీ మానేస్తానంటే అది వాడి ఇష్టం. నిద్ర పట్టకపోవడం, కలలు రావడం లాంటివి వారం దాటినా తగ్గకపోతే నాకు ఫోన్ చేయండి, కూర్చుని మాట్లాడతాను.

ఆ రోజు ఏం తెచ్చుకోవాలి?

పాత ఏప్రన్, పెన్సిల్, రబ్బరు, తెల్ల కాగితాలు, ముందు రాత్రి గీసిన బొమ్మ. గ్లౌజులు, మాస్కులు కాలేజీవే. వేళ్లు కప్పే బూట్లు వేసుకోవాలి, చెప్పులతో లోపలికి రానివ్వను. జడ ముడి వేసుకుని, చున్నీకి పిన్ను పెట్టుకోవాలి. కాంటాక్ట్ లెన్సులు వద్దు, కళ్లజోడు పెట్టుకోండి. అమ్మానాన్నల సంతకం ఉన్న కాగితం మరిచిపోవద్దు. అందులో చివర ‘చేస్తాను’, ‘చూస్తాను’, ‘మోడల్ మీద చేస్తాను’ అని మూడు గడులుంటాయి. టిక్కు పిల్లలే పెట్టాలి. క్లాసు మధ్యలో మనసు మారితే గడి మార్చుకోవచ్చు.